పారిస్‌లో ఏ బోటు ఎక్కాలి?

మా ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే నేను దుప్పట్ల కంటే ముందు బోటు టికెట్లు చూసుకుంటాను. పారిస్‌లో కాపురం పెట్టి పదకొండేళ్లయింది. ఈఫిల్ టవర్ పైకి ఎక్కింది రెండేసార్లు. సెన్ నది మీద బోటు మాత్రం ఇరవై దాటాక లెక్కపెట్టడం మానేశాను. అమ్మానాన్న, అత్తయ్యగారు మామయ్యగారు, అక్కా వాళ్లు, మా ఆయన ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు, ఎవరొచ్చినా అడిగేది ఒకటే: "ఏ కంపెనీది బాగుంటుంది?"

దీనికి నేను ఎప్పుడూ తిన్నగా జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏం లేదు కూడా. గంటో, గంటకి కాస్త పైనో తిప్పే బోట్లన్నీ ఇంచుమించు ఒకే దారిలో పోతాయి. పడమటి వైపు ఈఫిల్, తూర్పు వైపు ఇల్ సాఁ లూయి అనే చిన్న లంక, మధ్యలో ఓర్సే, లూవ్ర్ మ్యూజియాలు, నోట్రడామ్ చర్చి. 1991లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గట్లు ఇవే. చౌక బోటులోంచి చూసినా అదే లూవ్ర్, వంద యూరోలు పోసిన డిన్నర్ బోటులోంచి చూసినా అదే లూవ్ర్. కాబట్టి కంపెనీ సంగతి పక్కన పెట్టి ఎన్నింటికి ఎక్కుతున్నారు, ఏ రేవులో ఎక్కుతున్నారు, పక్కన ఎవరున్నారు అన్నది ఆలోచించండి.

ముందు పేర్ల గొడవ ఒకటి తేల్చాలి. ఇక్కడ చాలామంది ఏ టూరిస్టు బోటునైనా "బాతో మూష్" అనేస్తారు. నిజానికి అది ఒక కంపెనీ పేరు. జాఁ బ్రుయెల్ అనే ఆయన 1949లో పెట్టింది. మూష్ అంటే ఫ్రెంచిలో ఈగ. పడవకీ ఈగకీ ఏం సంబంధం అనుకుంటున్నారా? లియోన్ నగరంలో మూష్ అనే పేటలో ఈ రకం పడవలు తయారయ్యేవి, పేరు అక్కణ్నుంచి వచ్చింది. బ్రుయెల్ గారు ఊరుకోకుండా జాఁ సెబాస్టియాఁ మూష్ అని ఒక మహానుభావుణ్ని కల్పించి, ఈ పడవల మూలపురుషుడు ఈయనే అని 1953లో ఏకంగా వేడుక చేశారు. అసలు అలాంటి మనిషే లేడు! ప్రచారం అంటే అలా ఉండాలి.

ఈ పేర్ల వల్ల మా బావగారికి అరగంట చెమటలు పట్టాయి. ఆయన కొన్న టికెట్ "బాతో పారిజియన్" వాళ్లది. వాళ్ల రేవు ఈఫిల్ టవర్ కాళ్ల దగ్గర, నదికి ఎడమ గట్టున ఉంటుంది. టాక్సీ డ్రైవర్‌కి మాత్రం ఫోన్లో చూసి "బాటాక్స్ మౌచెస్" అని చదివి వినిపించారు. అతను పాపం ఎలాగో అది బాతో మూష్ అని అర్థం చేసుకుని, వాళ్ల రేవున్న ఆల్మా వంతెన దగ్గర, కుడి గట్టున దింపాడు. చూస్తే ఈఫిల్ ఎదురుగానే ఉంది. నడిస్తే పావుగంట. అక్క హీల్స్ వేసుకొచ్చింది. మిగతాది మీరు ఊహించుకోగలరు.

అందుకని టికెట్ మీద కంపెనీ పేరు కంటే ముందు రేవు చూడండి. ఆల్మా రేవుకి మెట్రో 9వ లైన్లో ఆల్మా మార్సోలో దిగాలి. ఈఫిల్ రేవుకైతే 6వ లైన్లో బీర్ హకీమ్. మూడోది పాన్ నఫ్ రేవు, 7వ లైన్లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది.

పెద్దవాళ్లు ఉంటే ఇక్కడే సగం తేలిపోతుంది. నది గట్టు రోడ్డు కంటే చాలా కిందికి ఉంటుంది. పాన్ నఫ్ రేవు నాకు అన్నిటికంటే ఇష్టం. నగరం పుట్టిన లంక ముక్కు చివర, నాలుగో హెన్రీ గుర్రం మీద కూర్చున్న విగ్రహం వెనక, చెట్ల కింద ఉంటుంది. పాన్ నఫ్ అంటే కొత్త వంతెన అని అర్థం. 1578లో మొదలెట్టి 1607లో పూర్తి చేసిన ఆ "కొత్త" వంతెనే ఇవాళ పారిస్‌లో నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. అంతా బాగానే ఉంది కానీ, కిందికి వెళ్లాలంటే విగ్రహం వెనక మెట్లు దిగాలి. దిగేటప్పుడు మామయ్యగారు ఏమీ అనలేదు. తిరిగి ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, "అమ్మాయ్, నువ్వు ముందు చెప్పలేదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఆల్మాకే తీసుకెళ్తున్నాను. అక్కడ వాహనాలు దిగే వాలు దారి ఉంది, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు.

మెట్లతో ఇబ్బంది లేనివాళ్లకి పాన్ నఫ్ బోట్లే చెబుతాను. బోట్లు కాస్త చిన్నవి, జనం తక్కువ. పెద్ద బోట్లలో రికార్డు చేసిన వ్యాఖ్యానం భాష తర్వాత భాషలో వినిపిస్తూ ఉంటుంది. మీ భాష వంతు వచ్చేసరికి చెబుతున్న భవనం వెనక్కి పోయి ఉంటుంది. చిన్న బోట్లో గైడ్ మైకు పట్టుకుని ఎదురుగా నిలబడి చెబితే ఆ తేడా వేరు. మనం నవ్వితే వాళ్లు ఇంకో రెండు జోకులు వేస్తారు.

ఇక వేళ. నన్నడిగితే మొత్తం ఎంపికంతా ఇందులోనే ఉంది.

చాలామంది "రాత్రి లైట్లు చూడాలి" అని ముందే తీర్మానించుకుని వస్తారు. తప్పు లేదు. కానీ జూన్ నెలాఖరులో ఇక్కడ సూర్యుడు అస్తమించేదే రాత్రి పదింటికి. లైట్లు వెలిగి, చీకటి పడి, ఈఫిల్ మిలమిలలాడాలంటే పదకొండు దాకా ఆగాల్సి రావచ్చు. రోజంతా మ్యూజియాల్లో తిరిగిన పిల్లలు ఆ టైముకి బోటు బెంచీ మీద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతారు. మా అక్క చిన్నవాడు ఈఫిల్ కింద నుంచి పోతున్నప్పుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో ఇంకా నా దగ్గరుంది. అదే డిసెంబరులో అయితే అయిదు కాకముందే సూర్యాస్తమయం. అయిదున్నర బోటు ఎక్కితే చక్కగా రాత్రి షికారు చేసి, ఏడింటికల్లా ఇంట్లో వేడివేడిగా భోంచేయొచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి రాత్రి బోటు చలికాలంలోనే సుఖం. ఎవరికి చెప్పినా నమ్మరు, వచ్చి చూశాక ఒప్పుకుంటారు.

ఈఫిల్ మిలమిల గురించి ఒక లెక్క తెలుసుకోండి. చీకటి పడ్డాక ప్రతి గంటకి, సరిగ్గా గంట కొట్టే వేళకి, అయిదు నిమిషాల పాటు 20,000 బల్బులు తళుక్కుమంటాయి. అయిదే నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ మీ బోటు లూవ్ర్ దగ్గరుంటే ఏదో దూరాన మెరుపు కనిపిస్తుంది, అంతే. ఈఫిల్ రేవులో ఎక్కేవాళ్లకి ఇది తేలిక: సరిగ్గా గంట కొట్టే వేళకి బయల్దేరే బోటు ఎక్కితే మొదట్లోనే నెత్తిమీద కనిపిస్తుంది. అన్నీ కలిసొస్తే తిరిగొచ్చేసరికి ఇంకోసారి కూడా. ఆల్మా నుంచి బయల్దేరే బోటు ముందు నోట్రడామ్ వైపు పోయి, చివర్లో ఈఫిల్ వైపు వస్తుంది. పాన్ నఫ్ బోటుకి ఈఫిల్ దారి మధ్యలో తగులుతుంది. కౌంటర్లో ఒక్క ముక్క అడగండి: "ఈ బోటు ఈఫిల్ దగ్గరికి ఎన్నింటికి చేరుతుంది?" విసుక్కోకుండా చెబుతారు. రోజుకి వందమంది అడిగే ప్రశ్నే అది.

నాకు మటుకు నల్లటి రాత్రి కంటే సందె వేళే ఇష్టం. సూర్యాస్తమయానికి అరగంట ముందు బోటు ఎక్కాలి. పడమట నుంచి తూర్పుకి పోతుంటే ఎండ మన వీపు మీద ఉంటుంది, ఎదురుగా భవనాలన్నీ బెల్లపు రంగు తేలి ఉంటాయి. నోట్రడామ్ ముఖద్వారం పడమటికే తిరిగి ఉంటుంది కాబట్టి ఆ వెలుగు నేరుగా దాని మీద పడుతుంది. 2019 ఏప్రిల్ 15న కాలిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ తలుపులు తెరిచాక ఆ రాయి ఎంత తెల్లగా తేలిందో. మసి పట్టిన పాత గోడలు చూసిన నాకే గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. లంక చుట్టి వెనక్కి తిరిగేసరికి వంతెనల కింద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. ఒకే టికెట్‌కి పగలూ రాత్రీ రెండూ చూసినట్టే.

వేసవి సాయంత్రాలైతే ఇంకో బోనస్. తూర్పు కొసన, ఎడమ గట్టున నీళ్ల పక్కన అరుగుల మీద జనం టాంగో, సాల్సా డాన్సులు చేస్తుంటారు. గట్టు పొడవునా కాళ్లు నీళ్ల వైపు వేలాడేసి కూర్చున్న కుర్రకారు బోటు రాగానే చేతులు ఊపుతారు. ఇంట్లో పెద్దగా మాట్లాడని మా నాన్న, మొదటి వంతెన దాటాక మొదలుపెట్టి, మళ్లీ రేవు చేరేదాకా ఊపుతూనే ఉన్నారు. "వాళ్లు మనకి తెలియదు కదండీ" అంది అమ్మ. "వాళ్లకి మాత్రం మనం తెలుసా?" అన్నారు నాన్న, చెయ్యి దించకుండానే.

సీటు గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. కుడి వైపా ఎడమ వైపా అని అడుగుతారు. పోయిన దారినే తిరిగొస్తాం కాబట్టి రెండు గట్లూ రెండు వైపులకీ దక్కుతాయి. పోరాడాల్సింది అంచు సీటు కోసం. పైన తెరిచిన డెక్ మీద, రెయిలింగ్ పక్కన. దానికి మార్గం ఒకటే, ఇరవై నిమిషాలు ముందు వచ్చి లైన్లో ముందుండడం. కింద అద్దాల గది వెచ్చగా ఉంటుంది కానీ, రాత్రి పూట అద్దంలో మన మొహాలే కనిపిస్తాయి. ఒక పని చేయండి: పెద్దవాళ్లని కింద కూర్చోబెట్టి, ఈఫిల్ దగ్గరపడగానే పది నిమిషాలు పైకి తీసుకురండి. జూలైలో కూడా నది మీద గాలి చలిగా కొడుతుంది. ఒక శాలువా, పిల్లలకి టోపీ. దీని మీద వాదనలు వద్దు, పట్టుకెళ్లండి.

పాన్ మారీ వంతెన సంగతి కూడా చెప్పాలి. దాని కింద నుంచి పోతున్నప్పుడు గైడు, ఇక్కడ ముద్దు పెట్టుకుంటే కోరిక తీరుతుంది అంటాడు. ఈ మారీ ఏ ప్రేమికురాలో కాదు, వంతెన కట్టిన కాంట్రాక్టరు క్రిస్తోఫ్ మారీ. గైడు ఆ మాట అన్న మొదటిసారి, నాకూ మా ఆయనకీ మధ్యలో అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. ఇద్దరం చెరో గట్టు వైపు చూస్తూ ఉండిపోయాం. ఆవిడే చివరికి, "ఏమంటున్నాడమ్మా అతను?" అని అడిగారు. వంతెన చాలా పాతదని చెబుతున్నాడు అన్నాను.

ఖర్చు మాటకొస్తే మామూలు గంట బోటు పెద్దలకి సుమారు 15 నుంచి 20 యూరోల మధ్య ఉంటుంది, పిల్లలకి తక్కువ. ముందే ఆన్‌లైన్‌లో కొంటే కొన్ని చోట్ల కాస్త తగ్గుతుంది. సాధ్యమైతే తేదీ, టైము కట్టని ఓపెన్ టికెట్ కొనండి. వాన పడితే రేపు వెళ్లొచ్చు.

బాతోబ్యూస్ అని ఇంకో రకం ఉంది. ఇది సిటీ బస్సు లాంటిది. ఈఫిల్ నుంచి బొటానికల్ గార్డెన్ దాకా నది పొడవునా తొమ్మిది స్టాపుల్లో ఎక్కి దిగొచ్చు. రోజు పాసు గంట బోటు టికెట్ కంటే కొంచెం ఎక్కువ. వ్యాఖ్యానం ఉండదు. పగలంతా తిరిగే ఓపిక ఉండి, మెట్రో మెట్లు ఎక్కలేనివాళ్లకి బాగా పనికొస్తుంది. బోటు షికారు కోసమే అయితే మాత్రం దీన్ని కొనకండి.

డిన్నర్ క్రూజ్ గురించి చెప్పాలంటే నాకు ఇంకా కడుపు మండుతుంది. అమ్మానాన్నల పెళ్లిరోజుకని ఒక కంపెనీలో బుక్ చేశాను, పేరెందుకు లెండి. ఫోన్లో మూడుసార్లు చెప్పాను, నలుగురిలో ఇద్దరు శాకాహారులని. రాసుకున్నాం అన్నారు. బోటు కదిలాక అమ్మ ముందు పెట్టిన ప్లేటులో చేప. వెయిటర్ని పిలిస్తే ఆ అబ్బాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు: "మాంసం కాదు మేడమ్, చేప!" వంటగది బోటులోనే ఉన్నా, అప్పటికప్పుడు వేరే వండేదేమీ లేదు. అమ్మ బ్రెడ్డూ సలాడూ తిని, "పర్వాలేదులే, నది బాగుంది" అంది. నది కూడా సరిగ్గా కనిపించలేదు, ఎందుకంటే మా టేబుల్ మధ్య వరసలో వచ్చింది. డిన్నర్ బోట్లలో కిటికీ పక్క టేబుల్‌కి ధర వేరు, మధ్యలోదానికి వేరు అని నేను చిన్న అక్షరాల్లో చదవలేదు. అది నా తప్పే.

అయినా వెళ్లాలనుకుంటే, కిటికీ టేబుల్ అని బుకింగ్ కాగితం మీద రాసి ఉందో లేదో చూడండి. శాకాహారం సంగతి ఫోన్లో కాదు, ఈమెయిల్లో పెట్టండి. "సాఁ వియాండ్, సాఁ ప్వసోఁ" అని, అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు అని విడివిడిగా రాయించి, జవాబు దగ్గర పెట్టుకోండి. నేనైతే ఇప్పుడు ఇంట్లో తిని, గంట బోటు ఎక్కిస్తున్నాను.

రెండోసారి పారిస్ వచ్చినవాళ్లని మాత్రం సెన్ మీదికి తీసుకెళ్లను. వాళ్లకి సాఁ మార్టిన్ కాలువ. నెపోలియన్ 1802లో తవ్వమని ఆజ్ఞాపిస్తే 1825లో పూర్తయింది, నగరానికి మంచినీళ్లు తేవడం కోసం. బాస్టీల్ కూడలి పక్కన ఆర్సెనాల్ రేవులో బోటు ఎక్కితే లా విలెట్ దగ్గర దిగుతాం. దూరం చూస్తే నాలుగున్నర కిలోమీటర్లే, నడిస్తే గంట పని. బోటుకి రెండున్నర గంటలు పడుతుంది! ఆ ఆలస్యంలోనే ఉంది మజా.

బయల్దేరగానే బోటు బాస్టీల్ కూడలి కిందికి దూరిపోతుంది. సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం. పైన కార్లు, సంతలు, జనం. కింద మనం, చల్లటి నీళ్ల వాసన. కప్పులో అక్కడక్కడా గుండ్రటి కంతలున్నాయి, వాటిలోంచి వెలుతురు స్తంభంలా నీళ్ల మీద నిలబడుతుంది. బోటు ఆ వెలుతురు మీదుగా పోతుంటే అందరి మొహాలూ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతాయి. అల్లరి పిల్లలు కూడా గప్‌చుప్.

సొరంగం దాటాక లాకులు మొదలవుతాయి. జంటలుగా నాలుగు చోట్ల ఎనిమిది. సెన్ దగ్గరి దాంతో కలిపి కాలువ మొత్తం మీద తొమ్మిది, అన్నీ కలిపి పాతిక మీటర్ల ఎత్తు ఎక్కిస్తాయి. బోటు రెండు గోడల మధ్య ఇరుకులో ఆగుతుంది. వెనక తలుపులు మూసుకుంటాయి. నాచు పట్టిన తడి గోడ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. ముందు తలుపుల్లోంచి నీళ్లు నురగలు కక్కుతూ లోపలికి దూకుతాయి, బోటు కాస్త ఊగి, గోడకి రాసుకుంటూ పైకి లేవడం మొదలుపెడుతుంది. మొదట గోడ తప్ప ఏమీ కనిపించదు. తర్వాత గట్టు మీద నిలబడ్డవాళ్ల చెప్పులు, ప్యాంట్లు, కుక్కపిల్ల ఒకటి, చివరికి మొహాలు. రెండు నిమిషాల క్రితం మన నెత్తిమీద ఉన్నవాళ్లు ఇప్పుడు కళ్లలో కళ్లు పెట్టి చూస్తుంటారు. మళ్లీ ఇంకో లాకు. మా మామయ్యగారు ఇరిగేషన్‌లో ఇంజినీరుగా రిటైరయ్యారు. ఈఫిల్ చూసి "ఊఁ" అన్న మనిషి, ఇక్కడ ప్రతి లాకు దగ్గరా లేచి నిలబడి తలుపుల కీళ్లు చూశారు. 2016లో ఈ కాలువ ఎండగట్టి శుభ్రం చేసినప్పుడు అడుగున కుప్పలుగా సైకిళ్లు దొరికాయని చెబితే, "కాలువన్నాక అంతే" అన్నారు.

దీనికి పాన్ నఫ్‌లో లాగా ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లడం కుదరదు, రోజుకి కొద్ది ట్రిప్పులే ఉంటాయి కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. ఊరికే కూర్చోలేని చిన్నపిల్లలుంటే వద్దు, నాలుగో లాకుకి విసిగిపోతారు. ఆ వయసు వాళ్లకి గంట బోటే ఎక్కువ.

చివరిగా వరద. చలికాలం చివర్లోనో, వానలెక్కువైన వేసవి మొదట్లోనో సెన్ పొంగుతుంది. నీళ్లు పెరిగితే వంతెనల కింద బోటు పట్టదు, అన్నీ ఆపేస్తారు. 2016 జూన్‌లో, 2018 జనవరిలో అలాగే ఆగిపోయాయి. 2018లో మా అత్తయ్యగారి చెల్లెలు వచ్చి, వారం రోజులు గోధుమ రంగు నీళ్లు చూసి వెళ్లిపోయారు. ఆల్మా వంతెన స్తంభానికి జువావ్ అనే సైనికుడి రాతి విగ్రహం ఉంది. పారిస్ వాళ్లు వరదని మీటర్లలో కాదు, ఆయన ఒంటి మీద కొలుస్తారు. 1910 వరదలో భుజాల దాకా మునిగాడు. తొడల దాకా నీళ్లొస్తే నదిలో పడవలు తిరగవని ఇక్కడ పాత మాట. ఆల్మా రేవుకి వెళ్తుంటే దారిలోనే ఉంటాడు, కౌంటర్‌కి వెళ్లే ముందు ఒకసారి ఆయన కాళ్ల వైపు చూడండి.